పరీక్ష గదిలో అల్లుడు

సంపాదకుడు గారికి,

యాక్సిడెంట్ కేసుల్లో తలకు దెబ్బ తగిలినవాళ్లకు అవతలి పక్షం (డిఫెన్స్) చేయించే న్యూరోసైకాలజీ పరీక్షలో, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే పరీక్షలో, మన మనిషి పక్కన కూర్చోవచ్చా అన్న గొడవ మా న్యూజెర్సీలో ఎప్పటినుంచో ఉంది. 2023 జూన్‌లో డిఫియోరే వర్సెస్ పెజిక్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఏ కేసుకు ఆ కేసు చూడాలంది, వద్దనే డిఫెన్సే కారణం చూపాలంది. బాగుంది అంటున్నారు మనవాళ్లు. నేను సగమే అంటాను, ఎందుకంటే ఆ గదిలో నేను కూర్చున్నాను.

ఆ తీర్పుకు ముందు, ఇక్కడికి వచ్చిన మా మామగారిని పార్కింగ్ లాట్‌లో కారు గుద్దింది. ఆయనకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, అందుకని తర్జుమాకు నేనే వెళ్లాను. వరసగా మాటలు చదివి తిరిగి చెప్పమంటారు కదా, ఆయన నాలుగు చెప్పి నా మొహం చూశారు. అల్లుడి ముందు మర్చిపోవడమంటే నామోషీ. "గుర్తున్నాయిలే, తర్వాత చెప్తా" అన్నారు. రెండోసారి చదివేటప్పుడు ఆయన వదిలేసిన మాటల్ని నేను ఒత్తి పలికాను, కావాలని కాదు (సరే, కొంచెం కావాలనే). ఆ మార్కులు ఎవరికి పనికొస్తాయండీ? పక్కన మనిషి ఉంటే ఫలితం మారుతుందని ఈ పరీక్షలు చేసే నిపుణుల సంఘం, నేషనల్ అకాడమీ ఆఫ్ న్యూరోసైకాలజీ, 2000లోనే చెప్పింది, నేనేమో అదంతా డిఫెన్స్ లాయర్ల సాకు అనుకునేవాణ్ణి.

అదే రోజు ఇంకోటి జరిగింది. నిద్ర ఎలా పడుతోందని డాక్టరు అడిగితే "ఏదోలేవయ్యా, పడుతోంది" అన్నారు మామగారు. అంత బాగా లేదనే అంటున్నారని నేను చెప్పాను. రిపోర్టులో మాత్రం నిద్ర బాగానే ఉందని వచ్చింది. రికార్డింగ్ లేదు, అల్లుడి మాట ఎవరు నమ్ముతారు?

అందుకే అంటున్నాను, మాట్లాడించే భాగమంతా రికార్డు చేయాలి. కాలిఫోర్నియాలో మానసిక పరీక్షను ఆడియో రికార్డు చేసుకునే హక్కు పరీక్ష చేసేవాళ్లకూ చేయించుకునేవాళ్లకూ చట్టంలోనే ఉంది. మార్కులు వేసే భాగంలో మాత్రం ఎవరూ వద్దు, రికార్డరూ వద్దు, ఆ ప్రశ్నలు బయటకు పొక్కితే కోచింగ్ ఇచ్చి మరీ పంపుతారు, మన సంగతి మనకు తెలియందా! అనువాదానికి వీలైనంతవరకు రెండు పక్షాలూ ఒప్పుకున్న బయటి మనిషే ఉండాలని ఆ డిఫియోరే తీర్పులోనే ఉంది, దాన్ని మన లాయర్లు మొదటి రోజే పట్టుబట్టి అడగాలి, ఇంట్లోవాళ్లను లాక్కెళ్లడం మానాలి.

మామగారు మాత్రం ఆ రోజు నేను పక్కన ఉండబట్టే గట్టెక్కానని ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు.

– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ