కారణం చెప్పినవాళ్లందరికీ కృతజ్ఞతలు

క్యారెక్టర్ ఆర్టిస్టులకు ఈ పనిలో అన్నిటికన్నా కరువైనది కారణం. షాట్ బాగానే వచ్చిందనుకుంటాం, తీరా తెర మీద అది ఉండదు. ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పరు. ఇంకోసారి "వన్ మోర్" అంటారు, ఏం మార్చాలో చెప్పరు. చెప్పకూడదని కాదు, సెట్లో అంత తీరిక ఎవరికీ ఉండదు. సినిమాల్లోకి, సీరియళ్లలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఒక నోట్సు రాద్దామని మేం కొందరం పూనుకున్నప్పుడు కెమెరా వెనక పనిచేసేవాళ్లను అడిగిన ప్రశ్న ఇదే: మా వల్ల మీ పని ఎక్కడ చెడుతోంది? ప్యాకప్ అయ్యాక ఇళ్లకు వెళ్లాల్సినవాళ్లు కూర్చుని, చూపించి, మా చిత్తుప్రతి మొత్తం దిద్ది ఇచ్చారు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్లు చెప్పింది నలుగురికీ అందితే బాగుంటుందని ముఖ్యమైనవి ఇక్కడ పెడుతున్నాం.

ముందుగా ఎడిటర్లకు మా నమస్కారం. ఒకే సీన్‌ను మొదట అందరూ కనిపించే మాస్టర్‌లో, తర్వాత ఇద్దరు కనిపించే టూ షాట్‌లో, ఆపైన ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్లను చూపే ఓవర్ షోల్డర్లలో, ముఖం మాత్రమే కనిపించే క్లోజుల్లో తీస్తారు. "రేపు వాణ్ణి రమ్మను" అనే డైలాగు ఉందనుకోండి. మాస్టర్‌లో "రేపు" దగ్గర గ్లాసు ఎత్తి, క్లోజులో "రమ్మను" అన్నాక ఎత్తితే ఆ రెండు షాట్లూ అక్కడ అతకవు. చెయ్యి ఉన్నట్టుండి గెంతినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఎడిటర్ ఆ మాట మీద ఎదుటి నటుడి ముఖం వేసుకుంటారు. మన గొంతు మిగులుతుంది, మనం మిగలం. నటన బాగుండి కూడా షాట్ ఎలా పోతుందో వాళ్లు చూపించినప్పుడు మళ్లీ మళ్లీ బయటపడినవి ఇవే: ఏ చెయ్యి, ఏ మాట మీద, గ్లాసులో నీళ్లు ఎంతవరకు. కాబట్టి రిహార్సల్‌లోనే చేతిపని తగ్గించుకుని, మిగిలినదాన్ని ఒక మాటకు కట్టేయాలి. సీన్ పేపర్ మీద "రేపు" కింద గీత గీసి పక్కన "కుడిచెయ్యి, గ్లాసు పైకి" అని రాసుకుంటే చాలు. లంచ్ తర్వాత క్లోజు పెట్టినా, మర్నాడు పెట్టినా ఆ కాగితమే కాపాడుతుంది. గ్లాసులో నీళ్లు టేకు టేకుకూ మళ్లీ మొదటి గుర్తు దాకా నింపారో లేదో ఆర్ట్ అసిస్టెంటు చూసుకుంటారు, అయినా మనమూ ఒక కన్నేసి ఉంచాలి.

రెండోది, షాట్‌కు తల, తోక వదలడం. "యాక్షన్" వినగానే డైలాగు అందుకోకుండా ఒక్క ఊపిరి ఆగాలి. డైలాగు అయిపోయాక "కట్" వినేదాకా పాత్రలోనే ఉండాలి. డైలాగు చెప్పేశాం, పనైపోయిందని ముఖం వదిలేసే ఆ చివరి రెండు సెకన్లలోనే ఎడిటర్‌కు కావలసిన రియాక్షన్ చాలాసార్లు దొరుకుతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండు సెకన్లంటే 48 ఫ్రేములు. రియాక్షన్‌కు అంతకన్నా తక్కువే సరిపోతుంది. ఒక రెప్పపాటు మాత్రం నాలుగు నుంచి పది ఫ్రేముల దాకా తినేస్తుంది. ఎడమాపెడమా రెప్పలు ఆర్పుతుంటే కట్ పెట్టుకోవడానికి శుభ్రమైన చోటు దొరకదు. ఎదుటివాళ్ల ప్రతి వాక్యానికీ తల ఊపడం కూడా అలాంటి చిక్కే.

సీరియళ్లలో ఈ విషయం మరీ ముఖ్యం. హాల్లో ఎనిమిది మంది నిలబడి ఉంటే అందరి రియాక్షన్లూ ఒకేసారి వరసగా తీసేస్తారు. కోపం ఒకటి, ఆశ్చర్యం ఒకటి, బాధ ఒకటి. ఏ డైలాగుకు ఈ రియాక్షన్ అని అసోసియేట్ డైరెక్టర్‌ను అడగడానికి మొహమాటపడొద్దని ఎడిటర్లు ప్రత్యేకంగా చెప్పమన్నారు. డైలాగు తెలిస్తే ఎటు చూడాలో తెలుస్తుంది, ఎంతసేపు చూడాలో తెలుస్తుంది. తెలియకుండా ఇచ్చిన ఆశ్చర్యం ఎక్కడ వేసినా అబద్ధంలాగే కనిపిస్తుంది.

తెర మీద ఉండే సమయం గురించి కూడా వాళ్లొక మాట గుర్తుచేశారు. అమెరికన్ నటి బియాట్రిస్ స్ట్రెయిట్ 1976 నాటి సినిమాలో ఐదు నిమిషాల పైచిలుకు మాత్రమే కనిపించి సహాయనటిగా ఆస్కార్ అందుకున్నారు. అసలు ఆ సహాయ నటుల విభాగమే 1936 సినిమాలతో మొదలైంది. మొదటి కొన్నేళ్లూ గెలిచినవాళ్లకు ప్రతిమ కూడా ఇవ్వలేదు, ఒక ఫలకం ఇచ్చేవారు. మన జాతీయ అవార్డుల్లో సహాయ నటీనటులకు విడిగా చోటు దొరికింది 1984 సినిమాల నుంచి. ఈ పనికి గుర్తింపు ఆలస్యంగానే వచ్చింది. అది కొత్తవాళ్లకు తెలియాలని మా అభిప్రాయం.

షాట్ నడుస్తుండగా ముఖం మసకబారకుండా లెన్సు ఫోకస్ సరిచూసే ఫోకస్ పుల్లర్లకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. పెద్ద సెన్సరు ఉన్న కెమెరాకు 85 ఎంఎం లెన్సు పెట్టి, లెన్సు రంధ్రం బాగా తెరిచి (ఎఫ్ 2 దగ్గర), రెండు మీటర్ల దూరంలో ముఖం తీస్తున్నప్పుడు షార్ప్‌గా ఉండే లోతు ఆరేడు సెంటీమీటర్లే. ఆవేశంలో ముందుకు ఒరిగితే కళ్లు మసకబారి చెవులు షార్ప్‌గా ఉంటాయి. ఒరగొద్దని వాళ్లు అనడం లేదు, ఎక్కడ ఒరుగుతామో ముందే చెప్పమంటున్నారు. "ఈ మాట దగ్గర ముందుకు వస్తానండీ" అంటే వాళ్లు ఆ మాటకు చెయ్యి సిద్ధం చేసుకుంటారు. నడిచి వచ్చి మార్కు (నేల మీద పెట్టిన గుర్తు) మీద ఆగాల్సి ఉంటే, మార్కు మీద నిలబడి వెనక్కి అడుగులు లెక్కపెట్టుకుంటూ మొదలుపెట్టే చోటికి వెళ్లాలి. ఏ కాలితో మొదలుపెట్టాలో అప్పుడే తేలిపోతుంది, కిందికి చూడాల్సిన పని ఉండదు. అయినా కుదరకపోతే కాలికి తగిలేలా ఒక సాండ్ బ్యాగ్ పెట్టమని అడగవచ్చు.

చూపు సంగతి కూడా కెమెరా శాఖవాళ్లే విప్పి చెప్పారు. మన క్లోజు తీసేటప్పటికి హీరో చాలాసార్లు క్యారవాన్‌లో ఉంటారు, లేదా వెళ్లిపోయి ఉంటారు. ఎదురుగా ఎవరూ లేకుండా గాల్లోకి చూసి చెబితే కళ్లు నిలవవు. అసిస్టెంటును లెన్సుకు ఆనుకుని నిలబడమని అడగాలి, అది కుదరకపోతే లెన్సు ముందుండే మ్యాట్ బాక్స్ అంచున ఒక టేపు ముక్క అంటించమనాలి. మనిషి ఉంటే, ఆ మనిషి రెండు కళ్లలో లెన్సుకు దగ్గరగా ఉన్న కంటినే చూడాలి. ఒక కంటి నుంచి ఇంకో కంటికి మారుస్తుంటే టైట్ క్లోజులో మన కనుపాపలు అటూ ఇటూ కదులుతూ, పాత్ర ఏదో దాస్తున్నట్టు కనిపిస్తుంది. లెన్సుకు ఏ పక్క చూడాలో అడిగి తీరాలి. మాస్టర్‌లో హీరో మనకు కుడివైపు ఉంటే క్లోజులోనూ చూపు లెన్సుకు కుడివైపే ఉండాలి. పక్క మారితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు అయి, సంభాషణే విరిగిపోతుంది.

కాస్ట్యూమ్స్, మేకప్ వాళ్లు ఒక్క ముక్కలో చెప్పింది: సీన్ అయిన వెంటనే, బట్టలు మార్చకముందే ఫోటోలు. ముందు, వెనక, రెండు పక్కలు, రెండు చేతులు. ఫోటోకు సీన్ నంబరు ఒక్కటే రాస్తే లాభం లేదు, కథలో అది ఎన్నో రోజో కూడా రాయాలి. ఇంటి గుమ్మం లోపలి సీన్ ఇవాళ, గుమ్మం బయటి సీన్ నెల తర్వాత తీస్తారు. కథలో మాత్రం రెండిటికీ మధ్య ఒక్క అడుగే. నుదుటి మీద గాయం ఉంటే కనుబొమ్మ చివరి నుంచి ఎంత దూరమో కొలిచి రాసుకోవడం మేకప్ వాళ్ల పద్ధతి. గడ్డం, జుట్టు విషయంలో వాళ్ల మాట గట్టిగానే ఉంది. మన పోర్షన్ అయిపోయిందని తీసేయడం కాదు, ప్యాచ్ వర్క్ (మిగిలిపోయిన ముక్కలు తర్వాత తీయడం) లేదని కో-డైరెక్టర్ నోట విన్న తర్వాతే కత్తెర.

సౌండ్ వాళ్ల దగ్గర మాకు బాగా ఉపయోగపడిన విషయం ఒకటుంది. లైవ్ రికార్డింగ్‌లో లెవెల్ పెట్టుకునేది మన రిహార్సల్‌ను బట్టి. రిహార్సల్‌లో గొణిగి టేకులో అరిస్తే శబ్దం పగిలిపోతుంది, దాన్ని తర్వాత బాగుచేయడం కష్టం. ఎమోషన్ దాచుకున్నా పర్లేదు, గొంతు స్థాయి మాత్రం రిహార్సల్‌లోనే చూపించాలి. కెమెరా మన మీద లేనప్పుడు ఎదుటివాళ్ల డైలాగు మీదికి మన డైలాగు ఎక్కించకూడదు. దూరం నుంచి పడిన మన గొంతు వాళ్ల మైకులో కలిసిపోతే ఆ టేకు మొత్తం వృథా అవుతుంది. గాజులు, పట్టుచీర గరగర, గుండె మీద చెయ్యి వేసుకునే అలవాటు: కాలర్ మైకుకు ఈ మూడూ పడవు.

డబ్బింగ్ ఇంజినీర్లు, డబ్బింగ్ కళాకారులు ఇచ్చిన సమయం మరువలేం. కొత్తవాళ్లు అన్ని అక్షరాలకూ పెదవులు కలపాలని చూసి, నటన పోగొట్టుకుంటారు. చూడాల్సింది ప, బ, మ లాంటి పెదవులు మూసుకునే అక్షరాలను. "పాప మాట వినమ్మా" లో ప, ప, మ, మ్మ, ఈ నాలుగూ తెర మీది పెదవులతో కలిస్తే మధ్యలో మిగతావి కాస్త అటూ ఇటూ జరిగినా చూసేవాళ్లకు తెలియదు. వీటిలో ఒక్కటి తప్పినా వెంటనే తెలిసిపోతుంది. అందుకే డబ్బింగ్ పేపర్ మీద ఆ అక్షరాలకు చుక్కలు పెట్టుకోమన్నారు. ఊపిరి పీల్చిన చోట ఒక గీత కూడా. మాటకు ముందు పైలట్ ట్రాక్‌లో (సెట్లో రికార్డు చేసిన గొంతులో) ఉన్న ఊపిరి డబ్బింగ్‌లో లేకపోతే, మాట గొంతులోంచి కాకుండా పక్కనుంచి వచ్చినట్టు ఉంటుంది. మూడు బీప్‌లు వినిపించే పద్ధతిలో అయితే నాలుగోది వినిపించదు, అది రావాల్సిన చోటే మన మాట మొదలవ్వాలి. మూడో బీప్ మీదే ఎత్తుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఇంకో చిక్కు సెట్లోనే మొదలవుతుంది. ప్రాంప్టింగ్ మీద, అంటే పక్కనుంచి ఒకరు అందిస్తుంటే చెప్పేటప్పుడు డైలాగు మారిపోతుంది, మారిన డైలాగు పేపర్ మీదికి ఎక్కదు. నెలల తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో పేపర్ ఒకటి, పెదవులు ఒకటి. మారిన మాటను టేకు ఓకే అయిన వెంటనే అసిస్టెంటు చేత సీన్ పేపర్‌లో రాయించడం మన బాధ్యత అనుకోవాలి. లాంగ్ షాట్‌కు క్లోజు గొంతు ఇవ్వకూడదన్నది కూడా వీళ్లే చెప్పారు. వాగు అవతలి గట్టు మీద నిలబడ్డ మనిషి గుసగుసగా వినిపిస్తే నమ్మేదెవరు?

ప్రొడక్షన్ మేనేజర్లు చెప్పినవి కొందరికి నచ్చకపోవచ్చు, మాకైతే అన్నిటికన్నా అవసరమనిపించాయి. ఒప్పుకునేటప్పుడు ఎన్ని రోజులు అన్నది అందరూ అడుగుతారు. రోజుకు ఎన్ని గంటలు, గంటలు దాటితే ఏమిటి, డబ్బింగ్ ఇందులోనే కలిసిందా విడిగానా, ప్యాచ్ వర్క్‌కు పిలిస్తే లెక్క ఏమిటి, ముందురోజు రాత్రి షూటింగ్ రద్దయితే ఏమిటి, టైటిల్స్‌లో పేరు ఎలా పడుతుంది, ఇవి అడగరు. అడిగి, కనీసం ఒక మెసేజ్ రూపంలోనైనా రాయించుకోమని మేనేజర్లే అన్నారు. మాట మీద నడిచిన ఒప్పందంలో ఆ మేనేజర్ మధ్యలో మారిపోతే, కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర మన మాటకు ఆధారం ఉండదు.

డేట్ల గొడవకు వాళ్లు చెప్పిన ఉపాయం తేలికైనది. డైరీలో ఖాయమైన డేట్లు ఒక రంగులో, "ఉంచండి, చెబుతాం" అన్నవి ఇంకో రంగులో. సీరియల్ వాళ్లు ఎపిసోడ్ల బ్యాంకు (ముందే తీసి ఉంచుకునే ఎపిసోడ్లు) కోసం వరసగా రోజులు అడుగుతారు, సినిమావాళ్లు విడివిడిగా అడిగి చివర్లో మారుస్తారు. రెండో రంగు డేటు మీద వేరేవాళ్లు అడిగితే, మొదటివాళ్లకు ఫోన్ చేసి ఒక గడువు పెట్టి తేల్చుకోవాలి. ఇద్దరికీ అవునని ఊరుకుంటే ఆ రోజు ఒక సెట్లో యూనిట్ మొత్తం మనకోసం కూర్చుంటుంది. ప్రతి రోజూ వచ్చిన టైము, వెళ్లిన టైము, సీన్ నంబర్లు, వేసుకున్న కాస్ట్యూమ్ ఒక పుస్తకంలో రాసి పక్కన అసిస్టెంటు సంతకం తీసుకుంటే పేమెంటు మాట్లాడేటప్పుడు వాదన ఉండదు. ఆడిషన్‌కు ఎవరు డబ్బు అడిగినా అది ఆడిషన్ కాదు. ఇందులో రెండో మాట లేదు.

మన క్లోజుల కోసం లెన్సు పక్కన నిలబడి హీరో డైలాగులు, హీరోయిన్ డైలాగులు చదివిపెట్టే అసిస్టెంట్ డైరెక్టర్లకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. వాళ్లు ఆ నాలుగు ముక్కలు అర్థం చేసుకుని చదివారా, అప్పజెప్పేశారా అన్నదాన్ని బట్టి మన కళ్లలో ఏముందో మారిపోతుంది. మా నోట్సులో ఈ విషయానికి ఒక పేజీ ఇచ్చాం, దాన్ని దిద్దింది కూడా వాళ్లే.

నోట్సు కావలసిన కొత్త నటీనటులు అడగండి, ఉచితంగానే పంపుతాం. కాస్ట్యూమ్ ఫోటోల పట్టిక, రోజువారీ హాజరు పేజీ, ఒప్పుకునేముందు అడగాల్సిన ప్రశ్నలు విడి కాగితాలుగా ఉన్నాయి, ప్రింటు తీసుకుని బ్యాగులో పెట్టుకోవచ్చు. స్టంట్ సీన్లలో, వర్షం సీన్లలో తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద ఇంకా రాయలేదు. ఆ పని తెలిసినవాళ్లు ముందుకొచ్చి చెబితే వాళ్లకూ ఇంతే రుణపడి ఉంటాం.