పింకీ పక్షాన మా కృతజ్ఞతలు

గత ఆగస్టు మూడవ వారం నుండి మా ఇంట ఆశ్రయం పొందుతూ, తనను శాశ్వతంగా దత్తత తీసుకునేవారి కోసం ఎదురుచూస్తున్న పింకీ అనే ముసలి స్పిట్జ్ కుక్క, మొన్న కనుమ నాటికి మా దగ్గర ఐదు నెలలు పూర్తి చేసుకున్నది. ఇన్నాళ్ళూ దాని ప్రాణం నిలిపినవారికి ఎదురుపడినప్పుడల్లా ధన్యవాదాలు చెబుతూనే ఉన్నాను గానీ, ఒకరు చేసిన సాయం మరొకరికి తెలియదు. మెహిదీపట్నం నుండి వచ్చి రక్తం ఇప్పించినవారికి మా వీధిలో ఇస్త్రీ చేసే ఆమె సంగతి తెలియదు. దీపావళి నాడు టపాకాయలు దూరంగా తీసుకుపోయిన పిల్లలకు మందుల దుకాణం కుర్రవాడి సంగతి తెలియదు. అందువల్ల ఎవరు ఏమి చేశారో అందరికీ తెలిసేలా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తపాలా శాఖలో 34 ఏళ్ళు పనిచేసినదానిని కనుక, అందినదానికి రసీదు ఇవ్వకపోతే నాకు నిద్ర పట్టదు. పేర్లు రాయవద్దని పలువురు కోరినందున మనుషుల పేర్లేవీ ఇందులో ఉండవు. పేర్లున్నవి కుక్కలకు మాత్రమే.

పింకీ ఎవరి కుక్కో చెప్పడం నా ఉద్దేశం కాదు. సైనిక్‌పురిలో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన ఒక కుటుంబం దానిని మెట్ల కింద కమ్మీకి కట్టి, పక్కన అన్నంగిన్నె పెట్టి వెళ్ళిపోయింది. ఆ భవనం కాపలాదారు భార్య రెండు రోజులు తాము తినే అన్నంలోనే దానికీ ఇంత పెట్టి, మూడవ రోజున, దిక్కులేని జంతువులను కాపాడే ముగ్గురు యువతీయువకుల బృందానికి ఫోను చేయించింది. నా మొదటి నమస్కారం ఆ తల్లికి. పెంపుడు జంతువును ఆకలిదప్పులతో అలమటించేలా వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. అయితే మొదటి నేరానికి ఆ చట్టం విధించే జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకే. పింకీ మింగిన మందులలో ఒక్కపూటవి కూడా ఆ డబ్బుకు రావు.

ఆ బృందంవారు మా ఇంటికి వచ్చినప్పుడు కుదిరిన ఒప్పందం ఇది: వైద్యం ఖర్చు వారిది, తిండి, చోటు, ఓపిక మావి. మావారు "పదిహేను రోజులు మాత్రమే" అని గట్టిగా చెప్పి, దాన్ని ఎక్కడ పడుకోబెట్టాలో మాత్రం తామే చూపించారు. వయసెంత అని అడిగితే, ఇంత ముదిరిన కుక్కకు పళ్ళను బట్టి కచ్చితంగా చెప్పలేమనీ, 11 నుండి 13 ఏళ్ళ మధ్య ఉండవచ్చుననీ డాక్టరుగారు అన్నారు. కళ్ళలో నీలిఛాయ చూసి శుక్లాలేమోనని నేను భయపడ్డాను. వయసు మళ్ళిన కుక్కలలో కంటి కటకం గట్టిపడి అలా కనిపిస్తుందనీ, చూపు పెద్దగా పోలేదనీ ఆయన ఓపికగా వివరించారు.

దాని పేరు అప్పటికి ఎవరికీ తెలియదు. శ్రావణ మాసంలో వచ్చింది కదా అని నేను లక్ష్మి అని పిలిచేదాన్ని. పదకొండు రోజులు పిలిచినా అది తల తిప్పలేదు; చెవుడేమోనని కూడా అనుకున్నాం. పన్నెండవ రోజున బట్టల మూట ఇవ్వడానికి వచ్చిన ఇస్త్రీ ఆమె గుమ్మంలో నిలబడి, "ఇది పింకీ కాదామ్మా?" అన్నది. ఆ మాట పూర్తి కాకముందే, నడవడానికే ఆయాసపడే ఆ కుక్క లేచి వెళ్ళి ఆమె చీర కుచ్చిళ్ళలో ముక్కు పెట్టింది. పాత ఇంట్లో కూడా బట్టలు ఆమే తీసుకువెళ్ళేదట. పోగొట్టుకున్నవాటిలో ఒకటైనా పింకీకి తిరిగి దొరికిందంటే అది ఆమె వల్లనే.

దాని ఒళ్ళు తడిమితే చేతికి తగిలేవి పిడుదులే. వచ్చిన వారంలోనే ఒళ్ళు కాలిపోతుంటే, పిల్లలకు వేసే జ్వరం మాత్రలో సగం వేద్దామని నేను వీధి చివరి మందుల దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రవాడు "ఎవరికమ్మా?" అని అడిగి, కుక్కకని చెప్పగానే మాత్రలు తిరిగి డబ్బాలో వేసేశాడు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటి మన మాత్రలు కుక్కలకు ప్రమాదమని, డాక్టరును అడగకుండా వేయవద్దని అతడు ఆ రోజు చెప్పకపోయి ఉంటే నేను మంచి మనసుతోనే చెడు పని చేసి ఉండేదాన్ని. రక్తపరీక్షలో పిడుదుల జ్వరమని తేలి, 28 రోజులు డాక్సీసైక్లిన్ వాడవలసి వచ్చింది. ఆ మాత్రను ఖాళీ కడుపున గానీ పెరుగన్నంలో గానీ కాక, కోడిమాంసం ఉడికించిన నీళ్ళలో మెత్తగా కలిపిన అన్నంతో ఇవ్వమన్నారు. మేము శాకాహారులం. రోజూ ఆ మాంసం ఉడికించి, మూత పెట్టి, మధ్యాహ్నానికల్లా పంపిన ఎదురింటి వదినగారికి ఈ ఐదు నెలల రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు.

ఇక ఆ రాత్రి సంగతి.

నిమజ్జనానికి రెండు రోజుల ముందు నుండి పింకీ గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగసాగింది. ఉక్కపోత అనుకున్నాం. నిమజ్జనం రోజు సాయంత్రానికి తిండి మానేసి, కడుపు ఉబ్బి, వెనుక నుండి చీము కారడం మొదలైంది. రాత్రంతా తెరిచి ఉండే పశువైద్యశాలకు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాం. స్కానింగులో గర్భసంచి నిండా చీము కనిపించింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు, ఎదకు వచ్చి వెళ్ళిన కొన్ని వారాలకు, ముఖ్యంగా పెద్ద వయసులో వచ్చే జబ్బు ఇది. వైద్యులు పయోమెట్రా అంటారు. చిన్ననాడే ఆ ఆపరేషన్ చేయించి ఉంటే ఇది దరిచేరేదే కాదు. గర్భసంచిని తీసివేయడమొక్కటే నమ్మదగిన చికిత్స. అయితే పిడుదుల జ్వరం వల్ల రక్తంలో ఎర్రకణాల పాలు 17 శాతానికి పడిపోయి ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అది 37కు తగ్గకూడదు. ప్లేట్‌లెట్లూ తక్కువే. ముందు రక్తం ఎక్కించనిదే కత్తి పట్టలేనని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పారు. ఆ స్పష్టతకు ఆమెకు ధన్యవాదాలు. ముసలి కుక్కే కదా అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఫలితం ఎలా ఉంటుందో చెప్పలేనని మాత్రం రెండుసార్లు అన్నారు.

కుక్కకు రక్తం కుక్కే ఇవ్వాలి. ఇచ్చే కుక్క బరువు 25 కిలోలకు మించి ఉండాలి, వయసు మీరకూడదు, టీకాలన్నీ పడి ఉండాలి, ఒంట్లో ఏ రోగమూ ఉండకూడదు. బృందంలోని అమ్మాయి రాత్రి ఎనిమిది గంటలకు ఫోన్లు మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకు మెహిదీపట్నంలో బ్రూనో అనే ఐదేళ్ళ లాబ్రడార్‌ను పట్టుకున్నది. అది 34 కిలోల బరువున్నది. మెహిదీపట్నానికీ సైనిక్‌పురికీ మధ్య ఆ రాత్రి ఏమున్నదో హైదరాబాదువారికి చెప్పనక్కరలేదు. ట్యాంక్‌బండ్ వైపు దారులన్నీ విగ్రహాలతో, జనంతో మూసుకుపోయి ఉండగా, బ్రూనోను పెంచుకుంటున్న అబ్బాయి తన తల్లినీ దానినీ కారులో ఎక్కించుకుని, అత్తాపూర్ మీదుగా వంతెన రోడ్డు పట్టి, శంషాబాదు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఊరంతా చుట్టి కీసర దగ్గర దిగి, ఈసీఐఎల్ మీదుగా పన్నెండు దాటాక ఆసుపత్రికి చేరాడు. గంట దారికి రెండున్నర గంటలు. దిగగానే అతడు అడిగిన మొదటి ప్రశ్న "ఉందా అండీ?" అని.

కుక్కకు మొదటిసారి ఎక్కించే రక్తం సాధారణంగా వికటించదట. అయినా సరిపోతుందో లేదో చూసి, మెడ దగ్గరి నరం నుండి ఒక సంచి నిండా తీశారు. మత్తు ఇవ్వలేదు. బ్రూనో పక్కకు ఒరిగి పడుకుని, ఆ అబ్బాయి తల్లి దాని తలను రెండు చేతులతో పట్టుకుని అన్నమయ్య కీర్తనేదో మెల్లగా పాడుతుంటే, కదలకుండా ఉండిపోయింది. ఎనిమిది కిలోల పింకీకి అందులో 160 మిల్లీలీటర్లు చాలింది. తెల్లవారేసరికి 17 కాస్తా 26 అయింది. ఉదయం ఏడు గంటలకు ఆపరేషన్ జరిగి, ముప్పాతిక కిలో బరువున్న గర్భసంచి బయటికి వచ్చింది. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే ఆ అబ్బాయి పుచ్చుకోలేదు. "రేపు మావాడికి కావలసివస్తే ఇచ్చే కుక్క ఒకటి చూసి పెట్టండి చాలు" అన్నాడు. ఆ మాటను నేను బాకీగానే రాసుకున్నాను. ఈ నాలుగు నెలలలో సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, అల్వాల్ ప్రాంతాలలో రక్తం ఇవ్వగల 14 కుక్కల జాబితా తయారుచేసి, బరువు, టీకా తేదీలతో సహా బృందానికి అప్పగించాను. నవంబరులో ఒకసారి అది పనికివచ్చింది కూడా.

ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథను ఈ మధ్య నాకు చాలామంది గుర్తుచేశారు. పెద్దల మాట కాదనను గానీ, ఆ కుక్క తన కాళ్ళ మీద తాను నడిచింది. కుట్లు విప్పేదాకా పింకీని పన్నెండు రోజులు మూడంతస్తులు మోసి దింపవలసి వచ్చింది. అప్పుడే మా లిఫ్టు మరమ్మతుకు వచ్చింది. మాకిద్దరికీ మోకాళ్ళ నొప్పులు. పొద్దునా సాయంత్రం వచ్చి మోసినవాడు రెండవ అంతస్తులోని ఇంజనీరింగు విద్యార్థి. తన పరీక్షల రోజుల్లో కూడా మానలేదు. లిఫ్టు బాగయ్యాక కుక్కను అందులో ఎక్కించవద్దని ఒకరిద్దరు అభ్యంతరం చెప్పిన మాట నిజమే. మా అపార్ట్‌మెంటు కార్యదర్శిగారు వాదనకు దిగకుండా, పెంపుడు కుక్కలకు లిఫ్టును నిషేధించరాదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను, పింకీ రేబిస్ టీకా పత్రం నకలునూ గోడకు అంటించి ఊరుకున్నారు. మేమూ మా వంతుగా, లిఫ్టులో ఎవరైనా ఉంటే ఆగి తరువాత ఎక్కుతున్నాం.

మావారు ఆ పన్నెండు రాత్రులూ అలారం పెట్టుకుని లేచి, నిద్రలో దాని ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నదో లెక్కించి పాత డైరీలో రాశారు. 30 దాటితే ఫోను చేయమని డాక్టరమ్మ చెప్పారు. ఒక్కసారీ 26 దాటలేదు. పదిహేను రోజుల మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు.

దీపావళికి వారం ముందే మా వీధి పిల్లలు తమలో తాము మాట్లాడుకుని, పేలేవన్నీ నీళ్ళ ట్యాంకు వెనుక మైదానంలో, ఏడు నుండి తొమ్మిది వరకే కాల్చాలని నిర్ణయించుకున్నారు. పెద్దలెవరూ చెప్పలేదు. మర్నాడు పదకొండు మంది వరుసగా పింకీని చూడడానికి లడ్డూలతో వచ్చారు. ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుందని, తీపి కూడా మంచిది కాదని చెప్పవలసి వచ్చినప్పుడు నాకే బాధ కలిగింది. ఒక చిన్నది ఇంటికి పరుగెత్తి, ద్రాక్షపండ్లన్నీ గిల్లి పారేసిన లడ్డూ తెచ్చింది. దానిని మావారు తిన్నారు.

లెక్కలు కూడా చెప్పాలి. రక్తం, ఆపరేషన్, నవంబరులో తొమ్మిది పుచ్చు పళ్ళు తీయించడం, మందులు, పరీక్షలు అన్నీ కలిపి 46,300 రూపాయలు అయింది. బృందం అడిగినప్పుడు 22 మంది ఇచ్చినది 52,750. నెలకు 100 చొప్పున పంపుతున్న మా పాలవాడు కూడా ఆ 22 మందిలో ఉన్నాడు. మిగిలిన 6,450 రూపాయలను దాతలను అడిగిన తరువాతే, కాలు విరిగిన మరో కుక్క వైద్యానికి మళ్ళించాం. బిల్లులన్నీ తేదీల వారీగా ఫైలులో ఉన్నాయి. ఎవరైనా ఎప్పుడైనా చూడవచ్చు.

"ఇంత చేశారు, మీరే ఉంచుకోవచ్చు కదా" అని అడిగేవారికి కూడా నేను కృతజ్ఞురాలినే, ఎందుకంటే ఆ ప్రశ్న రోజూ నన్ను నేనే అడుగుతున్నాను. నాకు 66, మావారికి 71. జూన్ నుండి ఆరు నెలలు అమ్మాయి పురిటికి పుణె వెళ్ళాలి. అంతకన్నా ముఖ్యంగా, మా వరండా ఖాళీ అయితేనే మరో ముసలి ప్రాణానికి చోటు దొరుకుతుంది. బృందం దగ్గర పిల్లకుక్కలు నాలుగు రోజుల్లో ఇళ్ళకు వెళ్ళిపోతుంటే ముసలివి నెలల తరబడి ఉండిపోతున్నాయి. పింకీని చూడడానికి ఇంతవరకు రెండు కుటుంబాలు వచ్చాయి. ఒకరు ఇది ఇంకా పిల్లల్ని పెడుతుందా అని అడిగారు. రెండవవారు మంచివారే గానీ ఇల్లు కాపలా కాసే కుక్క కావాలన్నారు. పింకీ కొరియర్ అబ్బాయిని చూసినా తోక ఊపుతుంది.

తీసుకోదలచినవారికి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. 42లో తొమ్మిది పళ్ళు పోయినందున అన్నం మెత్తగా ఉండాలి. మెట్లు ఎక్కలేదు. పగలు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. మూడు నెలలకోసారి రక్తపరీక్ష తప్పదు. దాని ఖర్చు చివరిదాకా తామే భరిస్తామని బృందంవారు రాసి ఇచ్చారు. పేరు మార్చకూడదు. ఇది షరతు కాదు, నా మనవి. చూడడానికి వచ్చేవారు సాయంత్రం ఐదు దాటాక రండి. మధ్యాహ్నం రెండు నుండి నాలుగున్నర దాకా అది మావారి పడకకుర్చీ కింద నిద్రపోతుంది, ఆ వేళ లేపడానికి ఆయన ఒప్పుకోరు.