కొత్త టీచర్లు సభ్యత్వ రసీదుకేనా?

అయ్యా,

పీఆర్సీ (జీతాల సవరణ) గురించి ఉపాధ్యాయ సంఘాల నాయకులు చేసిన ప్రకటన మీ జిల్లా పేజీలో వచ్చి వారం దాటింది. అందులో కొత్త డీఎస్సీలో టీచర్లుగా ఎంపికైన వాళ్ల ఊసు ఎక్కడైనా ఉందా అని వెతికితే, ‘కొత్తగా చేరినవారంతా సభ్యత్వం తీసుకోవాలి’ అన్నచోట దొరికింది. సంతోషం.

సర్వీసును బట్టి జీతం పెరగడం తప్పని ఎవరూ అనరు. ఏటా ఇంక్రిమెంటు, ఆపైన ప్రమోషన్ రాకున్నా ఆరేళ్లకోసారి దక్కే ఏఏఎస్ స్కేళ్లు. పాతికేళ్లు సుద్దముక్క పట్టినవారికి ఆ మాత్రం దక్కాల్సిందే. పేచీ ఏమిటంటే, బేరమంతా శాతాల్లోనే సాగుతోంది. 2022లో ఇచ్చిన ఫిట్‌మెంట్, అంటే పాత బేసిక్ మీద పెంపు, 23 శాతం. 30 వేల బేసిక్ మీద అది 6,900, 70 వేల మీద 16,100. ఆ పెరిగిన బేసిక్ మీద మళ్లీ డీఏ శాతం, హెచ్‌ఆర్‌ఏ శాతం. అంబాజీపేట కొబ్బరికాయ, అమలాపురం ఇంటద్దె మాత్రం ఇద్దరికీ ఒకటే రేటు. ‘ఇన్ని వేలకు తగ్గకుండా’ అని కనీస మొత్తం ఒకటి అడగడానికి నాయకులకు నోరెందుకు రాదో!

2025 మెగా డీఎస్సీలో పిలిచిన పోస్టులు 16,347. ఎస్జీటీగా (ప్రైమరీ టీచరుగా) చేరినవారి బేసిక్ 32,670. ఆ స్కేలు వర్తించింది 2018 జూలై నుంచి. అంటే ఏడేళ్ల నాటి బేసిక్‌తో ఇప్పుడు సంసారం మొదలుపెట్టమని. అందులోనే సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పథకం కింద పది శాతం కోత. బేసిక్ మీదే 3,267 పోతుంది, డీఏ మీద కోత వేరే. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి ఆ బాధే లేదు.

ఇక మొదటి జీతం సంగతి. సర్వీసు రిజిస్టరు తెరవాలి, జీతాల చెల్లింపుకు సీఎఫ్‌ఎంఎస్ ఐడీ పుట్టాలి, పెన్షన్ ఖాతాకు ప్రాన్ నంబరు రావాలి, అప్పుడు గానీ జీతం బిల్లు పెట్టే అధికారి డీడీవో బిల్లు పెట్టలేరు. ఆ డీడీవో ప్రైమరీ స్కూళ్లకు మండల విద్యాధికారి (ఎంఈవో), హైస్కూలుకు హెచ్‌ఎం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటే కాగితం ప్రాన్ దగ్గరే చతికిలబడుతుంది. బిల్లుల గడువు దాటితే ఆ నెలకు అంతే. సంఘం మండల బాధ్యుడు ఒక్క పూట ఎంఈవో ఆఫీసులో కూర్చుని పట్టించుకుంటే తెమిలే పనే ఇది. డైరీలూ క్యాలెండర్లూ పంచడానికి బళ్లోకి వచ్చే తీరిక ఉన్నవారికి ఆ పూట దొరకదు. అధికారుల గురించి చెప్పేదేముంది? ముఖం చూపించి హాజరు వేసే యాప్‌లో నిమిషం తేడా వస్తే సంజాయిషీ అడుగుతారు, జీతం నెల ఆలస్యమైతే ‘పైనుంచి రావాలండి’ అంటారు.

బళ్లో పిల్లలు తగ్గి పోస్టు మిగిలితే సర్‌ప్లస్ అయి వేరే బడికి పోయేది జూనియరే. గోదావరి పొంగితే లంక బడికి పడవెక్కేదీ ఎక్కువగా వాళ్లే. తనకన్నా జూనియర్ జీతం ఎక్కువైతే సీనియర్ జీతాన్ని దానికి సమానంగా పెంచే స్టెప్-అప్ రూలుంది, మంచిదే. కిందవాళ్ల కోసం అలాంటి రూలు ఒక్కటి చూపించండి.

నెలకు 398 రూపాయలకు చేరిన స్పెషల్ టీచర్లూ, అప్రెంటిస్ పేరుతో చాలీచాలని స్టైపెండ్ మీద నెట్టుకొచ్చినవారూ సంఘాల్లో ఉన్నారు. ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్లు (లెక్కల్లో కలిపే ఇంక్రిమెంట్లు) అడిగారు, న్యాయమే. అంత అనుభవించినవారికైనా కొత్తవాళ్ల గోడు చెవిన పడదా?

ఈసారి సభ్యత్వ పుస్తకం పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చినప్పుడు, ఫిట్‌మెంట్‌లో కనీస మొత్తం ఎంత అడిగారో రసీదు వెనక రాసి ఇమ్మనండి.

– ఓ పాఠకుడు, అమలాపురం