లైట్లు కొనే ముందు

పర్లాకిమిడి,
ఆదివారం

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

గదుల ఫొటోలకు ఏ లైట్లు కొనాలని నువ్వు ఫోనులో అడిగిన దానికి ఫోనులోనే జవాబు చెప్పవచ్చు. కానీ ఇది డబ్బుతో కూడిన పని, పైగా నాకు బాగా తెలిసిన పని. మన స్టూడియోలో ముప్పై ఏళ్లు కెమెరా నాన్న చేతిలో ఉంటే, లైటు నా చేతిలో ఉంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

బరంపురంలో పాత నేతగాళ్ల ఇంటిని బాగుచేసి అతిథుల బసగా మారుస్తున్నారనీ, ఆ గదుల ఫొటోలు తీసే పని నీకు వచ్చిందనీ విని ఎంత సంబరపడ్డానో. దుకాణంలో రెండు పెద్ద ఎల్‌ఈడీ ప్యానెళ్లు తీసుకోమన్నారని చెప్పావు. అవి ఇప్పుడే వద్దు.

ఆ ఇంట్లో నేను అడుగు పెట్టలేదు గానీ ఆ వీధుల్లో ఇళ్లు ఎలా ఉంటాయో తెలుసు. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. వీధి వాకిలి నుంచి కొంత వెలుగు, పెరటి తలుపు నుంచి కొంత వెలుగు, మధ్యలో మగ్గం ఉన్నచోట చీకటి. మగ్గం కనిపించేలా కెమెరా సర్దితే వాకిలి తెల్లగా పేలిపోతుంది. వాకిలికి తగ్గట్టు సర్దితే మగ్గం మాయమవుతుంది. బయటి ఎండకూ ఆ మధ్యగదికీ వెలుగులో వంద రెట్లకు పైగా తేడా ఉంటుంది. ఆ ఎండ ముందు ప్యానెల్ చాలదు. ఫ్లాష్ అయితే తన బలమంతా రెప్పపాటులోపే కుమ్మరిస్తుంది. షట్టర్ అంటే కెమెరాలోకి వెలుగును వదిలే తలుపు. చాలా కెమెరాల్లో సెకనులో 200వ వంతు వరకు దాని వేగం ఎంత పెంచినా బయటి వెలుగు తగ్గుతుందే గానీ ఫ్లాష్ వెలుగు తగ్గదు. అంటే వాకిలిని షట్టర్‌తో, మగ్గాన్ని ఫ్లాష్‌తో విడివిడిగా సర్దుకోవచ్చు. నీకు కావలసింది అదే.

కాబట్టి ముందు బ్యాటరీతో నడిచే ఫ్లాష్ ఒకటి కొను. గోడాక్స్ ఏడీ200 లాంటిది, 200 వాట్-సెకన్ల బలమున్నది చాలు. కరెంటు పోయినా పని ఆగదు, నేలమీద వైర్లు పాకవు, స్తంభం వెనకో తలుపు చాటునో ఇమిడిపోతుంది. కెమెరా నొక్కగానే దాన్ని దూరం నుంచి వెలిగించే రేడియో ట్రిగ్గర్, బరువైన లైటు స్టాండు, తెల్ల గొడుగు కూడా తీసుకో. రెండోది ఎప్పుడు కొనాలో మొదటిదే చెబుతుంది.

ఫ్లాష్‌ను గది మీదికి నేరుగా కొట్టవద్దు. గోడకో కప్పుకో కొట్టి, అక్కడి నుంచి తిరిగి వచ్చే వెలుగును వాడుకో. అయితే కొట్టే ముందు ఆ గోడ రంగు చూడు. ఇక్కడ ఒక పెద్ద లోగిలిలో నీలిమందు కలిపిన సున్నం వేసిన గోడకు నేను లైటు తిప్పాను. అప్పుడు రీలు కెమెరా, కడిగి ప్రింటు వేసేదాకా ఏమీ తెలియదు. ప్రింటు వచ్చాక చూస్తే టేకు స్తంభాలు కూడా నీలంగా ఉన్నాయి. మళ్లీ వెళ్లినప్పుడు మీ తాతయ్య తెల్ల పంచె ఆ గోడకు మేకులతో బిగించి, దాని మీద కొట్టాం. స్తంభాల పసుపుదనం తిరిగి వచ్చింది. నువ్వూ ఒక తెల్ల దుప్పటి సంచిలో పెట్టుకో.

రంగుల గొడవ ఇంకొకటి ఉంది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం. పాత పసుపు బల్బు వెలుగు 2700 కెల్విన్ ఉంటుంది, ఇప్పటి తెల్ల ట్యూబులైట్లు చాలావరకు 6500. నీ ఫ్లాష్ దాదాపు 5600. మూడూ ఒకే ఫొటోలో పడితే ఏ గోడ ఏ రంగో ఎవరికీ అర్థం కాదు. ట్యూబులైట్లు ఆర్పించు. పసుపు దీపాలు ఉంచదలచుకుంటే ఫ్లాష్ ముందు నారింజ రంగు జెల్ కాగితం కట్టు. ఆ ఇంటికి పసుపు దీపాలే అందమని నా ఉద్దేశం.

ఎల్‌ఈడీ ఎప్పటికీ వద్దని కాదు. గూట్లోనో అల్మారాలోనో చిన్న వెలుగు పెట్టడానికి, వీడియోకు అది మంచిది. కొన్న రోజున రంగులను నిజంగా చూపే సూచిక, అదే సీఆర్‌ఐ, 95కు తగ్గకుండా చూసుకో. పట్టు చీర రంగు తప్పితే నేసినవాళ్లు బాధపడతారు. ఫోడా కుంభ, అదే గుడి గోపురాల్లాంటి అంచు ఉన్న చీర మగ్గం మీద ఉంటే లైటును ఎదురుగా పెట్టకు. పక్కనుంచి, బట్టకు దాదాపు సమానంగా వాల్చి వెయ్యి. ప్రతి పోగూ విడిగా లేస్తుంది, జరీ అంచు వెంట మెరుపు పాకుతుంది. కుదిరితే నీ పక్కన నిలబడి నేనే లైటు పట్టుకోవాలని ఉంది.

నా దగ్గర ఒక్క లైటే ఉన్న రోజుల్లో పెద్ద గదులు ఎలా తీశామో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాన్న షట్టర్ తెరిచి ఉంచేవారు. నేను నల్ల చీర కట్టుకుని, లైటును ఊపుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచేదాన్ని. ఎక్కడా నిలవకుండా కదిలితే ఫొటోలో మనిషి కనిపించదు. ఒకసారి మాత్రం గోడ మీద సన్నటి బంగారు గీత పడింది, నా గాజుల మెరుపు. ఆ తర్వాత కొంగు చేతులకు చుట్టుకుని నడిచాను. ఆ మధ్యగదిలో ఈ పద్ధతి ప్రయత్నించు, దీనికి కెమెరా స్టాండు తప్ప ఖర్చు లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. గది అంతా ఒకేలా వెలిగించకు. పెరటి తలుపు నుంచి వచ్చే వెలుగు నేల మీద ఎక్కడిదాకా వచ్చి ఆగుతుందో, ఆ గీతను అలాగే ఉంచు. నీ ఫ్లాష్ చీకటిని కొంచెం పలచన చేస్తే చాలు. అలా తీస్తేనే అది నేతింటి మధ్యగది అని తెలుస్తుంది.

ఇంటి బయటి ఫొటోకు ఏ లైటూ కొననక్కరలేదు. ఇక్కడ గజపతుల భవనాన్ని నాన్న ఎప్పుడు తీసినా అసురసంధ్య వేళే తీశారు. ఆకాశంలో నీలం ఇంకా ఉండగానే లోపల దీపాలు వెలుగుతాయి. పది పదిహేను నిమిషాలే ఉంటుంది ఆ సమయం, ముందే కెమెరా స్టాండు వేసుకుని సిద్ధంగా ఉండు.

నాన్న పక్కనే కూర్చుని, అద్దం ఉన్న గదిలో లైటు ఎక్కడ పెట్టినా ఒకసారి అద్దంలోకి చూసుకోమని రాయమంటున్నారు. అనవసరపు వెలుగును ఆపడానికి మన పాత నల్ల తెర పనికొస్తుంది. ఉతికి ఆరేశాను. మంగళవారం బరంపురం బస్సులో పంపిస్తాను, బస్టాండుకు వెళ్లి తీసుకో.

నీ,
అమ్మ