మగ్గం నేర్పారు, లెక్క నేర్పలేదు: చేనేత శాఖ ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. మాది మూడు తరాలుగా పోచంపల్లి చీరలు నేసే ఇల్లు. మీ కార్యాలయంలో ఇచ్చిన మూడు అర్జీలకూ రసీదులే మిగిలాయి కాబట్టి ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

మా ఇంట్లో చీర ధర క్యాలెండర్ కాగితం వెనక తేలుతుంది. పట్టు, రంగులు, జరీ అని నాన్న వరసగా రాసి కూడతారు. అమ్మ ఆసు పోసిన గంటలు (అంటే నేతకు ముందు మేకుల చుట్టూ చేత్తో దారం తిప్పే పని), కండెలకు దారం చుట్టిన రోజులు ఆ కూడికలో ఉండవు. ఆ కాగితం చూసే షావుకారు బేరం మొదలుపెడతాడు. నష్టానికే అమ్ముతున్నామని ఇరవై ఏళ్లకు గానీ మాకు అర్థం కాలేదు. తమ్ముడు ముందే గ్రహించినట్టున్నాడు, హైదరాబాద్‌లో గోదాములో చేరాడు. వాడి మగ్గం మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నాం.

ఆసు పోసే తల్లి కష్టం చూడలేక చింతకింది మల్లేశం గారు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేనేత ఇళ్లలో తెలివికి కొదవ లేదనడానికి ఇంకేం కావాలి? శిక్షణ అంటే మాత్రం మళ్లీ నేతే నేర్పిస్తారు. చేప పిల్లకు ఈతా?

ధర కట్టడం, ఖాతా పుస్తకం, జీఎస్టీ, ఆన్‌లైన్ అమ్మకం, తండ్రి నుంచి పిల్లలకు వ్యాపారం అప్పగించే పద్ధతి: వీటిపై రెండు నెలల సాయంత్రపు శిక్షణ మా ఊళ్లోనే పెట్టించండి. మగ్గం తమ పేరు మీద లేని ఆడవాళ్లకూ అందులో చోటివ్వండి. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చేనేత కుటుంబపు పెద్ద కూతురు