దాచిన పాపం వేరు, మర్చిపోయిన పాపం వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

ప్రతి ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మాత ఉత్సవాలప్పుడు మీ పేపర్లో ట్రాఫిక్ మళ్లింపులు, తలనీలాలు, కొండ మీద జనం అన్నీ బాగానే వస్తాయి. పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవటం) చేసుకోటానికొచ్చే వాళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు, అందుకే ఈ ఉత్తరం.

మా కతోలికుల్లో చాలామంది, చదువుకున్నవాళ్ళు కూడా, ఫాదర్ గారి దగ్గర మోకరించి అబద్ధాలాడాను కోప్పడ్డాను ఆదివారం పూజకి రాలేదు అని గబగబా చెప్పేసి లేచిపోతారు, లోపల కాల్చేస్తున్న అసలు విషయం మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. సిగ్గు! రేపు గుడి దగ్గర ఫాదర్ గారి మొహం ఎలా చూడాలి అని. కానీ 1551లోనే ట్రెంట్ మహాసభ (మా బిషప్పుల పెద్ద సమావేశం) చెప్పింది, గుర్తున్న చావైన పాపాలన్నీ (తెలిసి కావాలని చేసిన పెద్ద పాపాలు) ఏ రకమో ఎన్నిసార్లో చెప్పి తీరాలని. కావాలని ఒక్కటి దాచినా ఆ సంకీర్తనం చెల్లదు, చెప్పిన మిగతావాటికి కూడా క్షమాపణ రాదు, పైగా అలాగే వెళ్లి సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) తీసుకుంటే అదింకో పెద్ద పాపం.

మర్చిపోతే అలా కాదండీ. నిజంగా గుర్తురాక వదిలేసింది మిగతావాటితో పాటే క్షమించబడుతుంది, తర్వాత గుర్తొస్తే ఈసారి వెళ్ళినప్పుడు చెప్పాలి అంతే. ఇది తెలియక కొంతమంది పెద్దావిడలు ఎప్పుడో పాతికేళ్ళ నాటిది చెప్పానో లేదో అని నిద్రలు పాడుచేసుకుంటారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. లెక్క సరిగ్గా తెలియకపోతే సుమారుగా ఇన్నిసార్లు అన్నా సరిపోతుంది. కథంతా విప్పక్కర్లేదు, పక్కవాళ్ళ పేర్లు అసలే వద్దు.

బయటికి చెప్తారేమో అనే భయం కూడా పెట్టుకోవద్దు. విన్నది నేరుగా బయటపెట్టిన గురువుకి (ఫాదర్‌కి) శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, చట్టం ప్రకారం ఆ క్షణమే వెలి. 1393లో ప్రాగ్‌లో నదిలో తోసి చంపిన పునీత జాన్ నెపోముక్ గారిని ఈ రహస్యం కాపాడటానికి ప్రాణమిచ్చిన వేదసాక్షిగానే తరతరాలుగా గౌరవిస్తున్నారు.

విజయవాడ, గుంటూరు విచారణ (ఒక్కో గుడి కిందుండే సంఘం) గురువులకి మీ పేపర్ ద్వారా నా మనవి ఏంటంటే, ఉపదేశం క్లాసుల్లో పిల్లలకి ఈ తేడా అర్థమయ్యేలా చెప్పండి, వాళ్ళతో పాటు పెద్దవాళ్ళకీ. శ్రీసభ చట్టంలో జాలీ అడ్డు ఉన్న సంకీర్తన స్థలం ఉండాలని రాసుంది కదా, అది లేని గుళ్ళల్లో పెట్టించండి, ఎదురుగా మొహం చూస్తూ చెప్పలేని ఆడవాళ్ళు, కుర్రాళ్ళు ఎంతమందో ఉన్నారు. సొంత విచారణ ఫాదర్ దగ్గరే చెప్పాలని రూలేం లేదు, వేరే ఊరి గురువు దగ్గరికైనా వెళ్ళొచ్చు, ఈ మాట పూజ అయ్యాక మైకులో ఒకసారి చెప్పండి. అలాగే ఈస్టర్ ముందు వారమే కాకుండా వారానికో సాయంత్రం టైం ఇచ్చి కూర్చుంటే, వెనక లైను తోసుకురాకుండా, చెప్పాల్సింది పూర్తిగా చెప్పుకోటానికి జనానికి తీరిక దొరుకుతుంది.

ఇట్లు,
ఒక విచారణ సభ్యురాలు,
పటమట, విజయవాడ