అడిగే ప్రశ్న, ఆగే క్షణం

బెంగళూరు

చిరంజీవి సుధకు నాన్న ఆశీస్సులు.

నీ ఏడో తరగతి పిల్లలు ఇంగ్లిష్ పీరియడ్‌లో నోరు మెదపడం లేదని, ఎన్ని ప్రశ్నలు వేసినా ముందు బెంచీలోని ఇద్దరు ముగ్గురు తప్ప తక్కినవారు తలలు దించుకుంటున్నారని రాశావు. వాళ్లకు బెరుకు ఉన్నమాట నిజమే కాని, నువ్వు ఉదహరించిన ప్రశ్నలు చూశాక నాకు మరో సంగతి తోచింది. ‘వేర్ డిడ్ ద ఫార్మర్ గో?’ అన్నదానికి జవాబు పాఠంలోనే ఉంది. అది నీకు తెలుసు, నీకు తెలుసునని పిల్లలకూ తెలుసు. ‘మార్కెట్’ అన్న ఒక్క మాటతో పని తీరిపోతుంది. సింథియా బ్రాక్ 1986లో ప్రచురించిన పరిశోధనలో, టీచరుకు ముందుగా జవాబు తెలియని ప్రశ్నలు అడిగినప్పుడు విద్యార్థుల సమాధానాలు పొడవుగానూ, వాక్యనిర్మాణంలో మరింత సంక్లిష్టంగానూ వచ్చినట్లు తేలింది.

అలాగని పాఠంలోని ప్రశ్నలను మానుకోమనడం లేదు, అవి మెట్లుగా పనికొస్తాయి. ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు ఈ బెంగళూరులోనూ, మద్రాసు వైపు బడుల్లోనూ నడిపిన ప్రయోగంలో వ్యాకరణాన్ని నేరుగా బోధించకుండా, రైళ్ల వేళల పట్టిక వంటివి ఇచ్చి పిల్లల చేత ఆలోచింపజేసేవారు. టీచరు ముందుగా ఒక సమస్యను తరగతి అందరితో ప్రశ్నోత్తరాలుగా విప్పి, తరువాత అటువంటిదే మరొకటి ఎవరికి వారు చేసేందుకు ఇచ్చేవారు. నీ హిందూపురం పిల్లలనే ‘బెంగళూరు రైలు ఎన్నింటికి?’ అని మొదలుపెట్టి, ‘యలహంకలో పదకొండింటి పెళ్లికి వెళ్లాలంటే ఏ రైలెక్కుతావు, దాని ముందుది ఎందుకు వద్దు?’ అన్నదాకా ఇంగ్లిష్‌లో నడిపించి చూడు.

అడిగాక ఆగడం అంతకంటె కష్టం. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో అమెరికా సైన్స్ తరగతులను పరిశీలించి, టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెరుగుతున్నాయని చూపారు. తెలుగులో తోచినదాన్ని ఇంగ్లిష్‌లో కూర్చుకోవలసిన మన పిల్లలకు ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి. ముందు పక్కవాడితో తెలుగులోనే చెప్పుకోనివ్వు. (గది నిశ్శబ్దంగా ఉంటేనే హెడ్‌మాస్టర్లు సంతోషిస్తారు, అది వేరే సంగతి.) పేరు పిలిచి ప్రశ్న వేస్తే మిగతావారు హమ్మయ్య అనుకుని దిక్కులు చూస్తారు కనుక, ప్రశ్న ముందు వేసి, కాసేపాగి, ఆ తరువాతే పేరు పిలువు.

నా దృష్టిలో అసలు కీలకం జవాబు వచ్చిన తరువాత నువ్వనే మాటలో ఉంది. టీచరు అడగడం, పిల్లవాడు చెప్పడం, టీచరు మెచ్చుకోవడమో దిద్దడమో చేయడం అన్న మూడంచెల వరసను భాషావేత్తలు సింక్లెయిర్, కూల్తార్డ్ 1975లోనే వివరించారు. ‘వెరీ గుడ్, సిట్ డౌన్’ అన్నావంటే అక్కడితో సరి. ‘హి గో మార్కెట్’ అని ఒకడంటే, తప్పని ఆపకుండా ‘ఓ, హి వెంట్ టు ద మార్కెట్? వై?’ అని అడిగి, వాడి జవాబుతో ఏకీభవించనివారెవరో చెప్పమను. అప్పుడు పిల్లలు నీతో కాక, ఒకరితో ఒకరు మాట్లాడతారు.

వచ్చేవారం పాఠానికి నువ్వు వేయబోయే ప్రశ్నలను రాసి పంపు. వాటిలో నీకు జవాబు తెలియనివి కనీసం రెండైనా ఉండాలి.

ఇట్లు,
నాన్న